పిల్లికి ఇంట్లోనే ఇంజెక్షన్: సిరంజి కొనడం దగ్గర్నుంచి సూది పారేయడం దాకా

“డాక్టర్ గారు మా పిల్లికి షుగర్ అన్నారు. రోజూ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఇంజెక్షన్ మీరే ఇచ్చుకోవాలన్నారు. నాకు సూది చూస్తేనే కళ్లు తిరుగుతాయి. ఎలాగండీ?”

మా ఇంట్లో షుగర్ పిల్లి ఉందని తెలిసిన దగ్గర్నుంచి నెలకు ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో అరగంట చెప్పేకన్నా అంతా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. నేను డాక్టర్ని కాను. మా గండుపిల్లి పండుకి తొమ్మిదో ఏట షుగర్ బయటపడింది. అప్పటి నుంచి నాలుగేళ్లుగా రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ ఇస్తున్నదాన్ని, అంతే. డోసు ఎంత, ఏ మందు అన్నది మీ డాక్టరే చెప్పాలి. ఆయన చెప్పినదాన్ని ఇంట్లో తప్పు లేకుండా ఎలా చేయాలన్నది నేను చెబుతాను.

ముందే ఒక మాట. అందరూ పొడవడానికి భయపడతారు. ఆ సూది వెంట్రుకంత సన్నం. చాలా పిల్లులు తింటూ తింటూ గమనించను కూడా గమనించవు. ప్రాణం మీదకు వచ్చేది కొలత తప్పినప్పుడు, ఇచ్చిన ఇంజెక్షన్‌నే అనుమానంతో మళ్లీ ఇచ్చినప్పుడు. మీ భయాన్ని అటువైపు మళ్లించండి.

ఇక్కడ చెప్పేదంతా చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్ల గురించి. ప్రధానంగా ఇన్సులిన్. బీ12 లాంటివి ఇంట్లో ఇవ్వమన్నా పట్టుకునే తీరు, పొడిచే తీరు ఇదే. కండలోకి, నరంలోకి ఇచ్చేవి మాత్రం ఇంట్లో వద్దు, ఆసుపత్రికే వెళ్లండి. డాక్టర్ చెప్పని ఏ మందూ సొంతంగా ఇవ్వొద్దు. మనుషుల పారాసిటమాల్ ఒక్క మాత్ర చాలు, పిల్లి చచ్చిపోతుంది. జ్వరంగా ఉందని అది వేసేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి ఇంజెక్షన్ల మధ్యలో ఈ మాట కూడా ఇరికిస్తున్నాను.

ఆసుపత్రి నుంచి బయటికొచ్చే ముందు

చీటీ తీసుకుని వచ్చేయకండి. అక్కడే ఈ ఐదూ రాయించుకోండి: ఇన్సులిన్ పేరు, మిల్లీలీటరుకు 40 యూనిట్లదా, 100 యూనిట్లదా, ఎన్ని యూనిట్లు, ఏ వేళకు, పిల్లి తినని రోజు, సగమే తిన్న రోజు ఏం చేయాలి. అర్ధరాత్రి అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా అడగండి. తర్వాత, సెలైన్ నీళ్లతో డాక్టర్ ముందే మీ చేత్తో ఒకసారి మీ పిల్లికి ఇచ్చి చూపించండి. వీడియో తీసుకుంటే సరిపోతుందనుకోవద్దు. వీడియోలో చెయ్యి మీది కాదు కదా.

మీ ఊళ్లో పిల్లుల్ని బాగా చూసే డాక్టర్ దొరక్కపోతే వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులు ఉన్నాయి. హైదరాబాద్ పక్కన రాజేంద్రనగర్, అటు తిరుపతి, గన్నవరం. క్యూలు ఉంటాయి, ఓపిక పట్టాలి.

కావలసినవి

- డాక్టర్ రాసిన ఇన్సులిన్
- దానికి సరిపోయే ఇన్సులిన్ సిరంజిలు, కనీసం నెలకు సరిపడా
- పిల్లికి ప్రాణమైన తిండి ఏదైనా. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి తగలకుండా ఉడికించిన కోడి ముక్క చాలు. ఉల్లి, వెల్లుల్లి పిల్లులకు విషం
- మందమైన పాత తువ్వాలు
- మందపాటి ప్లాస్టిక్ సీసా, మూత బిగుసుకునేది, వాడిన సూదులకు
- ఒక క్యాలెండర్, పెన్ను
- తేనె గానీ గ్లూకోజ్ పొడి గానీ. ఎందుకో తర్వాత చెబుతాను

స్పిరిట్, దూది ఈ జాబితాలో లేవు, గమనించండి. స్పిరిట్ వాసన పిల్లులకు గిట్టదు. రెండు రోజుల్లో ఆ వాసన రాగానే మంచం కిందకు దూరడం నేర్చుకుంటాయి. పైగా స్పిరిట్‌తో బొచ్చు తడిస్తే మందు బయట కారిందో లేదో తెలియదు. చర్మం మరీ మురికిగా ఉంటే తప్ప అక్కర్లేదని మా డాక్టర్ అన్నారు.

సిరంజి సంగతి: ఇది రెండుసార్లు చదవండి

మన దేశంలో మందుల షాపుల్లో రెండు రకాల ఇన్సులిన్ సిరంజిలు దొరుకుతాయి. యూ-40 సిరంజికి మామూలుగా ఎర్ర మూత ఉంటుంది, యూ-100 సిరంజికి నారింజ రంగు మూత. మిల్లీలీటరుకు 40 యూనిట్లున్న మందుకు మొదటిది, 100 యూనిట్లున్న మందుకు రెండోది. చూడ్డానికి రెండూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి. షాపు కుర్రాడు “ఇన్సులిన్ సిరంజే కదా” అని చేతికందింది ఇచ్చేస్తాడు.

తప్పు సిరంజి వాడితే ఏమవుతుందో లెక్క చూడండి. యూ-100 మందుని యూ-40 సిరంజిలో 2 గీతల దాకా లాగారనుకోండి. మీరు 2 యూనిట్లు అనుకుంటారు. లోపలికెళ్లేది 5. రెండున్నర రెట్లు! నాలుగు కిలోల ప్రాణికి అది మామూలు తేడా కాదు. తిరగేసి, యూ-40 మందుని యూ-100 సిరంజిలో 2 గీతలు లాగితే ఒక యూనిట్ కూడా వెళ్లదు, 0.8 మాత్రమే. షుగర్ తగ్గదు, మందు పనిచేయట్లేదనుకుంటారు, డాక్టర్ డోసు పెంచుతారు, ఆ తర్వాత ఎవరో సరైన సిరంజి తెస్తారు. అసలు ప్రమాదం అప్పుడు.

ఈ తప్పు నేనే చేశాను. రెండో నెలలో సిరంజిలు అయిపోతే మా వారిని పంపాను. రంగు చెప్పలేదు. ఎర్ర మూతవి తెచ్చారు. మా పండుది యూ-100 మందు. సిరంజి నింపాక చేతిలో బరువు, ఎత్తు ఏదో తేడాగా ఉందనిపించి పాత సిరంజి పక్కన పెట్టి చూస్తే గీతలు వేరు. ఆ పూట ఇవ్వడం ఆపేశాను. అప్పటి నుంచి సీసా మీద, సిరంజి ప్యాకెట్ మీద ఒకే అంకె ఉందా అని పైకి చదివి మరీ చూస్తున్నాను. నవ్వుకున్నా సరే, మీరూ పైకి చదవండి.

మూత రంగును మాత్రమే నమ్మొద్దు, ప్యాకెట్ మీది అంకె చూడండి. ఇంకో చిక్కు: ఒక మిల్లీలీటరు యూ-100 సిరంజిలు చాలావాటిలో ఒక్కో చిన్న గీత రెండేసి యూనిట్లు. పిల్లికి ఇచ్చేది ఒకటీ రెండూ. అందుకని 0.3 మిల్లీలీటర్ల సిరంజి దొరికితే అదే తీసుకోండి, గీతలు ఎడంగా ఉంటాయి. అర యూనిట్ గీతలున్నవి దొరికితే ఇంకా మంచిది. అమెరికా నుంచి పిల్లితో సహా వచ్చేసినవాళ్లు మరీ జాగ్రత్త. అక్కడ మనుషులకు వాడేది యూ-100 సిరంజి, ఇక్కడ షాపులో మామూలుగా చేతికొచ్చేది యూ-40. పాత అలవాటుతో గీతలు లెక్కపెడితే కొలత తప్పుతుంది.

ఇంట్లో తాతగారికో, అత్తగారికో వాడే ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంటుంది కదా, అది ఇవ్వొచ్చా అని అడుగుతారు. వద్దు. ఇన్సులిన్లలో రకాలున్నాయి, ఒక్కోటి పనిచేసే వేగం వేరు. డాక్టర్ ఏ రకం రాస్తే అదే.

మందు దాచడం

ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. తలుపు అరలో పెట్టొద్దు, తెరిచి మూసినప్పుడల్లా కుదుపు, వేడి. ఫ్రీజర్ గోడకు ఆనించి అసలే పెట్టొద్దు. ఒక్కసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడ్డానికి బాగానే ఉన్నా పనికిరాదు. తెరిచిన తేదీ సీసా మీద రాయండి, ఎన్నాళ్లు వాడొచ్చో మందు కాగితంలో ఉంటుంది.

ఎండాకాలం కరెంటు పోతే రెండు మూడు గంటలకు కంగారక్కర్లేదు, ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంటే చాలు. రోజంతా పోతే పాత పద్ధతి ఉంది: మట్టి కుండలో నీళ్లు పోసి, సీసాని నీళ్లు చొరని చిన్న డబ్బాలో పెట్టి అందులో ఉంచి, కుండ నీడలో పెట్టండి. ఫ్రిజ్ అంత చల్లగా ఉండదు గానీ మే నెల గది వేడి కన్నా ఎంతో నయం. ప్రయాణంలో ఐసు ముక్కలు నేరుగా సీసాకి తగలనీయొద్దు, మధ్యలో గుడ్డ చుట్టండి.

ఎలా ఇవ్వాలి

1. వేళ చూసుకోండి. ఇన్సులిన్ మామూలుగా 12 గంటలకొకసారి. పొద్దున 7, రాత్రి 7 అనుకుంటే అదే పాటించండి. అరగంట అటూ ఇటూ అయితే కొంపలు మునగవు. మీ ఉద్యోగానికి, నిద్రకు సరిపడే వేళ పెట్టుకోండి, ఎందుకంటే ఇది నెలల తరబడి సాగే పని.

2. క్యాలెండర్ చూడండి. ఈ పూట ఇంట్లో ఇంకెవరూ ఇవ్వలేదని ఖాయం చేసుకున్నాకే ఫ్రిజ్ తెరవండి. ఇద్దరు ముగ్గురు ప్రేమగా చూసుకునే ఇళ్లలోనే రెండుసార్లు ఇచ్చేయడం జరుగుతుంది.

3. తిండి పెట్టండి. పిల్లి తినడం మొదలుపెట్టిందని చూశాకే మందు సిరంజిలోకి ఎక్కించండి. ఏమీ ముట్టకపోయినా, వాంతి చేసుకున్నా ఇన్సులిన్ ఇవ్వకుండా ముందు డాక్టర్‌కు ఫోన్ చేయండి. సగమే తింటే ఎంత ఇవ్వాలన్నది ముందే అడిగి రాసుకున్నారు కదా, అది చూడండి.

4. మందుని చూడండి. గ్లార్జిన్ అనే రకం ఇన్సులిన్ లాంటివి నీళ్లలా తేటగా ఉండాలి. మబ్బుగా కనిపించినా, నలకలున్నా పారేయండి. వీటిని కలపక్కర్లేదు, ఊపక్కర్లేదు. కొన్ని రకాలు పాలనీళ్లలా ఉంటాయి, అడుగున పేరుకుంటాయి, వాటిని ఇచ్చే ముందు కలపాలి. అరచేతుల మధ్య దొర్లించాలా, ఊపాలా అన్నది మందును బట్టి మారుతుంది. దాని కాగితంలో ఏముంటే అలా చేయండి.

5. లాగండి. సీసా రబ్బరు మూతలోకి సూది గుచ్చి, సీసాని తలకిందులు చేసి, కావలసిన గీత కన్నా కాస్త ఎక్కువ లాగి, మళ్లీ గీత దాకా తోయండి. కంటికి ఎదురుగా పెట్టి చూడాలి, పైనుంచి కిందికి చూస్తే గీత తప్పుతుంది. నల్ల రబ్బరు బిరడాకి రెండు అంచులు కనిపిస్తాయి. సూది వైపు అంచునే లెక్కలోకి తీసుకోండి.

6. గాలి బుడగలు తీసేయండి. చర్మం కింద చిన్న బుడగ వెళ్తే పిల్లికి ప్రమాదం లేదు. కానీ ఒక యూనిట్ యూ-100 ఇన్సులిన్ అంటే మిల్లీలీటరులో నూరో వంతు. చుక్కలో ఐదో వంతు అనుకోండి. బుడగ ఆ చోటంతా ఆక్రమిస్తే పిల్లికి దక్కేది గాలే. సిరంజిని వేలితో చిటికె కొట్టి, బుడగ పైకి రాగానే సీసాలోకే తోసేసి మళ్లీ లాగండి.

7. చోటు ఎంచుకోండి. చాలామంది మెడ వెనక వదులు తోలే పట్టుకుంటారు, తల్లిపిల్లి పట్టుకునే చోటు. సులువే. కానీ అక్కడ తోలు మందం, రక్తప్రసరణ తక్కువ, ఇన్సులిన్ సరిగ్గా పీల్చుకోకపోవచ్చు. పక్కటెముకల మీద, డొక్క దగ్గర, పొట్ట పక్కన మేలు. రోజూ ఒకేచోట పొడవొద్దు. పొద్దున కుడివైపు, సాయంత్రం ఎడమవైపు, ప్రతిసారీ ఒక వేలెడు జరుపుకుంటూ పోతే గుర్తుంచుకోవడం తేలిక.

8. తోలు పైకెత్తండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలితో తోలు పట్టి పైకి లాగితే చిన్న గుడారంలా లేస్తుంది. ఆ గుడారం మొదట్లో, మీ వైపు, చూపుడువేలితో కాస్త నొక్కితే లొట్ట పడుతుంది. సూది వెళ్లాల్సింది అక్కడికే.

9. గుచ్చండి. సూది కొనలో ఏటవాలుగా కోసిన వైపు పైకి ఉండాలి. ఒంటికి దాదాపు సమాంతరంగా పెట్టి, తడబడకుండా ఒక్క కదలికలో లోపలికి తోయండి. మెల్లమెల్లగా గుచ్చితేనే నొప్పి. ఎదుటి వేలి దాకా రానీయొద్దు, వస్తే గుడారం అవతలికి దూసుకుపోయినట్టే. కొందరు డాక్టర్లు బిరడా ఒక పిసరు వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూడమంటారు, కొందరు అక్కర్లేదంటారు. మీ డాక్టర్ మాట వినండి.

10. మందు తోయండి. చివరి దాకా నొక్కి, మనసులో ఐదు లెక్కపెట్టి, సూది గుచ్చిన దారిలోనే బయటికి తీయండి. తోలు అప్పుడు వదలండి. రుద్దొద్దు.

11. వేలితో తడిమి చూడండి. పొడిచిన చోట బొచ్చు తడిగా ఉందా? ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. ఇన్సులిన్‌కి కొత్త బ్యాండేజీ విప్పినప్పుడు వచ్చే మందు వాసన ఉంటుంది, ఒక్కసారి తెలిస్తే మర్చిపోరు.

12. క్యాలెండర్‌లో వేళ, యూనిట్లు, ఏ వైపు ఇచ్చారో రాయండి. సిరంజిని వెంటనే సూదుల సీసాలో వేయండి. మూత మళ్లీ సూదికి తొడగబోయే మనకు గుచ్చుకుంటుంది.

ఒకసారి వాడిన సూది మళ్లీ వాడొద్దు. పది రూపాయలు మిగులుతుంది గానీ రెండోసారికే కొన మొద్దుబారి పిల్లికి నొప్పి తెలుస్తుంది. ఒకసారి నొప్పి తెలిసిందంటే మీ అడుగుల చప్పుడుకే పరారీ.

తడి తగిలితే? సగం వెళ్లిందేమోననిపిస్తే?

నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే. బొచ్చు తడిసింది, మందు ఎంత వెళ్లిందో తెలియదు, మళ్లీ ఇవ్వాలా?

ఇవ్వొద్దు. ఒక చుక్క కూడా ఇవ్వొద్దు. క్యాలెండర్‌లో “అనుమానం” అని రాసి, తర్వాతి వేళకు మామూలు డోసే ఇవ్వండి. ఒక పూట ఇన్సులిన్ తప్పితే షుగర్ కాస్త పెరుగుతుంది, ఆ పూటకు పెద్ద నష్టం ఉండదు. రెండు డోసులు పడితే షుగర్ ఉన్నట్టుండి పడిపోయి మూర్ఛ వస్తుంది, ప్రాణం పోవచ్చు. పూట మర్చిపోయినా ఇదే సూత్రం: తర్వాతి వేళకు రెండు పూటలదీ కలిపి ఇవ్వడం అన్న ఆలోచనే రానీయొద్దు. ఇచ్చానో లేదో గుర్తులేకపోతే ఇచ్చినట్టే లెక్క.

వరుసగా రెండు మూడుసార్లు తడి తగులుతుంటే మీ పట్టులో తేడా ఉంది. పర్షియన్ పిల్లులకు ఇది మామూలే, బొచ్చు దట్టం కాబట్టి సూది బొచ్చులోనే ఆగిపోతుంది. డొక్క దగ్గర రెండు వైపులా చిన్న మేర బొచ్చు కత్తిరించమని ఆసుపత్రిలో అడగండి. ఇంట్లో కత్తెరతో మీరు చేయబోతే తోలు కూడా తెగుతుంది, పిల్లి తోలు అంత పలచన.

పిల్లి లొంగకపోతే

గదిలో పెట్టి కొడితే పిల్లి కూడా తిరగబడుతుందని పెద్దలు ఊరికే అనలేదు. వెంటపడి, మూలకు తరిమి, ఇద్దరు అదిమిపట్టి ఇచ్చిన ఇంజెక్షన్ ఆ పూటకు గెలుపులా ఉంటుంది. రేపటి నుంచి అది మీ చేతికి చిక్కదు.

ముందు వారం రోజులు సూది లేకుండా సాధన చేయండి. అదే చోట, అదే వేళకు తిండి పెట్టి, తింటుండగా డొక్క దగ్గర తోలు పట్టి ఎత్తి వదలండి. తర్వాత మూత తీయని సిరంజితో తాకండి. డాక్టర్ ఇవాళే మొదలుపెట్టమంటే ఆ వ్యవధి ఉండదు. అప్పుడు తువ్వాలు దారి. పిల్లిని బల్ల మీద మీ వైపు వీపు ఉండేలా కూర్చోబెట్టి, పసిపిల్లని పొత్తిగుడ్డలో చుట్టినట్టు ముందు కాళ్లు లోపలికి వచ్చేలా చుట్టి, డొక్క ఒక్కటి బయట ఉంచండి. ఒకరు పట్టుకుని తల దగ్గర తిండి చూపించాలి, ఇంకొకరు ఇవ్వాలి. ఒక్కరే ఉంటే నేల మీద మోకాళ్ల మీద కూర్చుని, పిల్లిని మీ తొడల మధ్య, తల బయటికి ఉండేలా పెట్టుకోండి. వెనక్కి పాకడానికి చోటుండదు.

మూడు సార్లు ప్రయత్నించి కుదరకపోతే ఆ పూటకు వదిలేయండి. మీ చేతులు వణుకుతుంటాయి, దానికి టెన్షన్, మీకు టెన్షన్. డాక్టర్‌కు చెప్పండి.

పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా గీరినా సబ్బుతో, కుళాయి నీటి ధార కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా గురించి అడగండి. సొంత పిల్లే అయినా సరే. పసుపు, సున్నం, కాఫీ పొడి అద్దొద్దు. పిల్లి పంటి గాయం పైకి చిన్న చుక్కలా ఉండి లోపల చీము పడుతుంది, తేలిగ్గా తీసుకోవద్దు.

షుగర్ పడిపోతే

ఇంజెక్షన్ ఇచ్చిన కొద్ది గంటల తర్వాత పిల్లి తూలుతున్నా, వణుకుతున్నా, మబ్బుగా ఒక మూల కూర్చుండిపోయినా, ఉన్నట్టుండి ఆకలితో అరుస్తున్నా షుగర్ పడిపోయిందని అనుమానించండి. ముదిరితే మూర్ఛ వస్తుంది.

స్పృహలో ఉండి మింగగలిగితే వెంటనే తిండి పెట్టండి. తినకపోతే తేనె గానీ, గ్లూకోజ్ పొడిని కాసిని నీళ్లలో చిక్కగా కలిపి గానీ వేలితో చిగుళ్లకు రాయండి. నోట్లో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూర్ఛలో ఉంటే వేలు పళ్ల మధ్య పెట్టొద్దు, పెదవి లోపలి వైపు మాత్రం రాయండి. రాస్తూనే ఆసుపత్రికి బయల్దేరండి. కాస్త తేరుకుంది కదా అని ఇంట్లో ఉండిపోవద్దు. ఇన్సులిన్ ఇంకా లోపల పనిచేస్తూనే ఉంటుంది, తేనె బలం అయిపోగానే మళ్లీ పడిపోతుంది. షుగర్ కొలిచే మిషన్ ఉంటే చూడండి. 60 కన్నా తక్కువ వస్తే ప్రమాదమే. లక్షణాలు కళ్లెదుట కనబడుతుంటే అంకె కోసం ఆగొద్దు.

షుగర్ పడిపోవడానికి తప్పు సిరంజి, రెండోసారి ఇవ్వడం కాకుండా ఎవరూ ఊహించని కారణం ఇంకొకటి ఉంది. మన ఇళ్లలో పిల్లికి పెరుగన్నం, పాలన్నం అలవాటు. షుగర్ అని తెలియగానే భయపడి అన్నం ఒక్కసారిగా మానిపించి కోడిమాంసం, చేపలు మాత్రమే పెడతారు. పిల్లికి మాంసమే మంచిది, నిజమే. కానీ అన్నం తినే రోజుల్లో లెక్కగట్టిన డోసు అన్నం మానేసిన ఒంటికి ఎక్కువైపోతుంది. తిండి మార్చే ముందు డాక్టర్‌కు చెప్పి, డోసు చూసుకుంటూ మార్చండి. ఇంకో సంగతి, షుగర్ అదుపులోకి వచ్చిన కొన్ని పిల్లులకు కొన్ని నెలల్లో ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. ఆనందమే గానీ, అది గమనించకుండా పాత డోసే ఇస్తూపోతే ఇదే ప్రమాదం.

పనిచేస్తోందా లేదా?

ఒక్క రోజులో తెలియదు. ఈ కిందివి వారం వారం చూడండి.

నీళ్లు: పొద్దున కొలిచి పోయండి, మర్నాడు మిగిలింది కొలవండి. మా పండు షుగర్ బయటపడక ముందు బాత్రూమ్ మగ్గులో నీళ్లు కూడా తాగేవాడు, ఎండల వల్ల అనుకున్నాం. ఇన్సులిన్ మొదలయ్యాక మూడో వారానికి మగ్గు జోలికి వెళ్లడం మానేశాడు. 

లిట్టర్ ట్రే: తడి గడ్డలు చిన్నవవ్వాలి, తగ్గాలి. బరువు: మీరు పిల్లినెత్తుకుని ఒకసారి, లేకుండా ఒకసారి తూగి తీసేయండి, తగ్గిన బరువు మెల్లగా తిరిగి రావాలి. నడక: షుగర్ ముదిరిన పిల్లులు వెనక కాళ్ల మడమలు నేలకు ఆనించి నడుస్తాయి. అది సర్దుకోవడానికి నెలలు పడుతుంది, తొందరపడి డోసు పెంచొద్దు.

రక్తం పరీక్ష ఇంట్లో చేయాలంటే చెవి అంచున సన్నటి సూదితో గుచ్చి ఒక చుక్క తీస్తారు. డాక్టర్ దగ్గర నేర్చుకోండి. మనుషుల మిషన్ పిల్లి రక్తానికి మామూలుగా అసలు కన్నా కాస్త తక్కువ చూపిస్తుంది. అందుకే ఏ మిషన్‌తో చూశారో డాక్టర్‌కు చెప్పాలి, మిషన్ మార్చకూడదు. ఆసుపత్రిలో చూస్తే షుగర్ భయానికే ఎగబాకుతుంది. షుగర్ లేని పిల్లికి కూడా అక్కడ 300 రావచ్చు. కాబట్టి ఇంటి అంకెలు డాక్టర్‌కు చాలా పనికొస్తాయి. ఆ అంకె చూసి మీ అంతట మీరు యూనిట్లు మార్చడం మాత్రం వద్దు.

పొడిచిన చోట గడ్డ కడితే చూస్తూ ఉండండి. మందు చేరిన మెత్తని ఉబ్బు ఒక రోజులో పోతుంది. గట్టిగా ఉండి తగ్గకపోయినా, పెరుగుతున్నా, పుండు పడినా చూపించాలి.

వాడిన సూదులు

ఉన్నవాటిని ఉన్నట్టే చెత్తబుట్టలో వేసేవాళ్లతో నాకు గొడవే. చెత్త ఏరేవాళ్ల చేతికి గుచ్చుకునేవి అవే. ఇంట్లో వాడిన సూదులు, సిరంజిల్ని ప్రమాదకర చెత్తగా విడిగా ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. నేను ఖాళీ అయిన ఫ్లోర్ క్లీనర్ సీసా వాడతాను. పలచటి నీళ్ల బాటిల్ అయితే సూది పొడుచుకుని బయటికి వస్తుంది. ముప్పావు వంతు నిండగానే మూత బిగించి, టేపు చుట్టి, మీద “సూదులు” అని తెలుగులో పెద్దగా రాసి, పండుని చూపించడానికి వెళ్లినప్పుడు ఆసుపత్రిలో ఇచ్చేస్తాను. చాలా క్లినిక్‌లు తీసుకుంటాయి, మొహమాటపడకుండా అడగండి. పెద్ద సీసా ఒకటి మాకు మూడు నెలలు వస్తుంది.